చేతిలో ఉన్నవి

5, బుధవారం

అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయి మూడు రోజులు. ఏ పూట ఏ చుక్కలు వేశామో రాసిపెట్టమని డాక్టరు చెబితే ఈ నోటుపుస్తకం కొన్నాను. ఆ పట్టిక మొదటి పేజీతోనే అయిపోయింది. మిగిలిన పేజీలన్నీ ఖాళీగా నన్నే చూస్తుంటే, పోనీలే అని రాస్తున్నాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆయన ఓడ ఇంకో నెలకి గాని రేవు చేరదు. అత్తయ్యకి ఇంకో రెండు వారాలు అక్షరం కనబడదు. కాబట్టి దాచుకోవాల్సిన పని కూడా లేదు.

అన్నాలు తింటుంటే అడిగింది, "ఇంతకీ నువ్వు చేసే పనేమిటే?" అని. పెళ్ళయి పదిహేనేళ్ళయ్యాక వచ్చిన సందేహం.

"పెద్ద పెద్ద భవనాల్లో చిన్న పెట్టెలుంటాయి అత్తయ్యా. కంట్రోలర్లంటారు. ఏ గదికి ఎంత గాలి పంపాలో, ఎంత వేడి పెట్టాలో అవే చూసుకుంటాయి. వాటికి ఏం చెయ్యాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. పాతది తీసేసి కొత్తది ఎక్కిస్తున్నాను."

"అంటే గోడలకి బుద్ధి చెప్తావన్నమాట. మా అబ్బాయికి చెప్పలేకపోయావు."

ఆయన ఓడ మీద ఉన్నారు కాబట్టి ఆ దెబ్బ ఎవరికీ తగల్లేదు.

ఈ మొక్కల పరిశోధన భవనానికి నేను రావడం మొదలుపెట్టి రెండు వారాలైంది. నాకిచ్చింది మీటింగు హాలు పక్కన చిన్న గది. ఒక బల్ల, గట్టిగా లాగితే గాని రాని సొరుగు ఒకటి. మొదటి రెండు రోజులూ ఆ గదిలో పళ్ళు టకటకలాడాయి. నాకు చలంటే చిన్నప్పటి నుంచీ పడదు. తర్వాత అదే సర్దుకుంది.

ఈ పని సాఫీగా అయిపోతే వచ్చే భవనం మొత్తం నా చేతికే ఇస్తానని మా మేనేజరు అన్నాడు. ఆయనకి మేము పెట్టుకున్న పేరు తర్వాత సారు. ఏమడిగినా "తర్వాత చూద్దాం" అంటాడు. తొమ్మిదేళ్ళలో ఆ మాట అనకుండా ఆయన ఇచ్చిన మాట ఇదొక్కటే.

6, గురువారం

ఈరోజంతా మావయ్య వెనకాల తిరిగాను. మావయ్య నాకు చుట్టం కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ భవనంలో ఫ్యాన్లు, పంపులు చూసుకునే ఆపరేటరు. డైరెక్టరుతో సహా అందరూ మావయ్య అనే అంటారు. నడుముకి తాళాల గుత్తి. మనిషి కనబడకముందే చప్పుడు వినబడుతుంది.

ఏ పెట్టెకైనా రెండే దారులు. ఆటోలో ఉంటే దాని ఇష్టం దానిది. హ్యాండ్‌లో పెడితే మనం చెప్పిన చోటే కదలకుండా ఉంటుంది. స్క్రీన్ మీద 'హ్యాండ్' అని పడుతుంది. మావయ్య నోట అది 'చేతిలో' అవుతుంది. రెండు వారాలకే నాకూ ఆ మాటే అలవాటైపోయింది.

చేతిలో పెట్టిన ప్రతిదానికీ మావయ్య ఒక ఎర్ర గుడ్డపీలిక కడతాడు. దానికో చీటీ. ఎంతలో పెట్టాడో, ఎవరి కోసం పెట్టాడో ఆ చీటీలో ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్లో కూడా పక్కనే ఒక గడి ఉంటే అందులోనూ రాశాడు.

"ఎవరి కోసమో ఎందుకు మావయ్యా? ఎంతో రాస్తే చాలదా?" అన్నాను.

"చేతిలో పెట్టడం ఎవడైనా పెడతాడమ్మాయ్. వదిలేటప్పుడే చూసుకోవాలి. ఎవరి కోసం పెట్టామో వాళ్ళని అడక్కుండా వదలకూడదు. పేరు రాసుకోకపోతే ఎవర్ని అడుగుతాం?"

మూడో అంతస్తులో సీసాలమ్మ గది చూపించాడు. ఆవిడ శాస్త్రవేత్త. గది నిండా అలమరలు, అలమరల నిండా గాజు సీసాలు, ఒక్కో సీసాలో జెల్లీ మీద వేలెడంత మొక్క. పదకొండు వందల నలభై సీసాలట. ఏదో అడవి చెట్టు, ఇప్పుడు అడవిలోనే లేదట. ఆరేళ్ళుగా ఆవిడ పెంచుతోంది. ఆ గది ఎప్పుడూ ఇరవై ఐదు డిగ్రీల్లో ఉండాలి.

చిక్కేమిటంటే, ఆ గది సెన్సరు పక్కనే గోడలో వేడినీళ్ళ పైపు పోతుంది. పైపు వేడి తగిలి సెన్సరు అబద్ధం చెప్తుంది. గది చల్లబడినా వేడిగా ఉందంటుంది. ఆటోలో వదిలేస్తే పెట్టె ఆ మాట నమ్మి బయటి చలిగాలిని లోపలికి తెచ్చే తలుపు బార్లా తీసేస్తుంది. అందుకే మావయ్య ఆ గాలి తలుపుని పావు తెరిచి చేతిలో పెట్టాడు. సెన్సరు జరపమని మూడుసార్లు కాగితం పెట్టారట. మూడూ ఎక్కడో నిద్రపోతున్నాయి.

7, శుక్రవారం

అయిపోయింది!

తొమ్మిదింటికి కూర్చున్నాను. పాతదానిలో ఉన్న వివరాలన్నీ వేరేచోట దాచి, పాతది తీసేసి, కొత్తది ఎక్కించి, దాచినవి మళ్ళీ అందులో పోయాలి. లైసెన్సు సంఖ్య ఇరవై ఐదు అక్షరాలు. ఏది సున్నానో ఏది అక్షరమో తెలియక మూడుసార్లు కొట్టాను. చివర్న వరసగా ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కో ప్రశ్న కిందా 'తర్వాత' అని బటను. మా సారు ఎదురుగా కూర్చున్నట్టే ఉందని నవ్వొచ్చింది.

ఆ ప్రశ్నల మధ్యలో అత్తయ్య ఫోను.

"ఎర్ర మూతదా, తెల్ల మూతదా ముందు?"

"ఎర్రది అత్తయ్యా."

"రెండూ బూడిద రంగులోనే కనబడుతున్నాయే నాకు."

"పొడుగ్గా ఉన్నది."

"రెండూ పొట్టిగానే ఉన్నాయి. అసలు ఇది చుక్కల సీసాయేనా, నువ్వు పౌడరు డబ్బా పెట్టి పోయావా?"

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఇటు ఆవిడకి సీసాలు తడిమి గుర్తుపట్టడం నేర్పుతూ, అటు తర్వాత, తర్వాత, తర్వాత, ముగించు. పదకొండు కాకుండానే అయిపోయింది. తర్వాత సారు మూడు రోజులు పడుతుందన్నాడు.

మావయ్య వచ్చి అడిగాడు, "చేతిలో ఉన్నవన్నీ వచ్చాయా?"

"అన్నీ వచ్చాయి మావయ్యా."

"చీటీలు?"

"చీటీలు రావు. కొత్తదాంట్లో ఆ గడే లేదు."

తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. పెద్దాయనకి తన చీటీల మీదే బెంగ. ఎవరూ ఉండరు కాబట్టి ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి పెట్టెలన్నీ కొత్తదానిలోకి మారేట్టు పెట్టి వచ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చి అడిగితే చుక్కలు వేసుకున్నానంది. మొదటి పేజీలో టిక్కు పెట్టాను.

8, శనివారం

సెలవు. తిని పడుకున్నాను.

9, ఆదివారం

ఐదూ పదికి ఫోనులో కబురొచ్చింది. అరవై నాలుగు పెట్టెలకి అరవై నాలుగూ మారిపోయాయి. సారుకి పంపాను. బొటనవేలు బొమ్మ పంపాడు. బయట చలి బాగా ఉంది.

10, సోమవారం

గేటు దగ్గరే కాపలా మనిషి ఆపాడు. "సీసాలమ్మ గదికి వెళ్ళండి. ఏదో అయింది."

పరిగెత్తాను. తలుపు తీసే ఉంది. సీసాలమ్మ నేల మీద కూర్చుని ఒక్కో సీసా తీసి, దీపానికి ఎదురుగా పట్టి చూసి, ఎడమ పక్కన పెడుతోంది. ఎడమ పక్కంతా సీసాలు. కుడి పక్కన ఏమీ లేదు. మొక్కలు నల్లబడి జెల్లీ మీదికి వాలిపోయి ఉన్నాయి. ఆవిడ ఏడవడం లేదు. నన్ను చూసి పలకరించింది కూడా. 

అలమరలో ఉన్న థర్మామీటరు తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది. గోడ మీద సెన్సరు మాత్రం ఇరవై ఆరు అంటోంది. స్క్రీన్ తీసి చూశాను. పావులో, చేతిలో ఉండాల్సిన గాలి తలుపు ఆటోలో ఉంది. బార్లా తెరిచి ఉంది. వెంటనే పావులో పెట్టాను. మిగతావి చూడలేదు. అప్పుడు కావాల్సింది అదొక్కటే కదా.

పదకొండింటికి తర్వాత సారు దిగాడు. "మన సాఫ్ట్‌వేర్ వల్లా?"

"కాదు సార్. ఎక్కించేటప్పుడు, చేతిలో ఉన్నవి అలాగే ఉంచాలా అని అదే అడుగుతుంది. టిక్ పెట్టాను."

ఆ మాట అంత గబుక్కున ఎలా వచ్చిందో. కానీ నిజమే. టిక్ పెట్టాను.

"అయితే ఎవరో మనిషే ఆటోలో పెట్టాడు," అన్నాడు. తర్వాత చూద్దాం అనలేదు.

మధ్యాహ్నం నుంచి నా గదిలో ఒకటే చలి. ఆ మూడో అంతస్తు చలి ఇంకా ఒంట్లోంచి పోలేదేమో.

11, మంగళవారం

కాపలా మనిషి దగ్గర తాళాల పుస్తకం ఉంటుంది. శనివారం, సెలవు రోజున, పది నుంచి ఒంటిగంట దాకా అన్ని ఫ్యాను గదుల తాళాలూ తీసుకున్నది మావయ్య. ఇంకెవరూ లేరు.

డైరెక్టరు గదిలో కూర్చోబెట్టి అడిగారు. నేనూ ఉన్నాను.

"సెలవు రోజున ఎందుకెళ్ళావు మావయ్యా?" డైరెక్టరే.

మావయ్య ఒక్కసారి నా వైపు చూశాడు. "ఊరికే. చూసొద్దామని."

"మూడు గంటలు ఊరికే చూస్తారా ఎవరైనా?" తర్వాత సారు. "మూడో అంతస్తుది ఆటోలో పెట్టావా?"

"నేను ముట్టుకోలేదు."

"పెద్దాయన. పెట్టి మరిచిపోయి ఉంటాడు," అన్నాడు సారు, ఆయన ఆ గదిలో లేనట్టే. అప్పటికప్పుడు మావయ్య పాస్‌వర్డు తీసేయించారు. ఇక ఆయన స్క్రీన్ చూడటానికి కూడా లేదు.

అయినా మావయ్యకి అరవై దాటింది. కిందటి వారం తాళాల గుత్తి చేతిలో పెట్టుకునే తాళాల కోసం వెతికాడు. నేనే చూశాను. మరిచిపోయి ఉండొచ్చు.

నేను టిక్ పెట్టాను. గడిలో టిక్కు పడటం కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది.

సాఫ్ట్‌వేర్ తను చేసిన ప్రతి పనినీ గంటా నిమిషంతో సహా ఒక ఫైల్లో రాసుకుంటుంది. లాగ్ అంటారు. సారుకి ఆ సంగతి తెలియదు. నన్నెవరూ చూడమనలేదు. తెలిసినదాన్ని మళ్ళీ చూడటం ఎందుకు?

రెండో అంతస్తు వరండాలో ఫ్యాను కూస్తోందని, క్యాంటీను వెనక గదిలో ఉక్కపోస్తోందని ఫిర్యాదులు. కొత్త సాఫ్ట్‌వేర్ కదా, సర్దుకుంటుంది.

నా గదిలో చలి.

12, బుధవారం

సారు నివేదిక తెచ్చాడు. ఒక పేజీ. 'ఆపరేటరు జోక్యం వల్ల' అని రెండుచోట్ల ఉంది. శనివారం కమిటీ కూర్చుని మావయ్యని పంపించేస్తుందట. ఇరవై ఆరేళ్ళ పనికి మంచి మాట రాసిన కాగితం కూడా ఇవ్వరట, తప్పు చేసి పోయినవాడు కాబట్టి.

"నువ్వు సంతకం పెడితే అయిపోతుంది. కొత్త భవనం వాళ్ళు నీ గురించి అడుగుతున్నారు," అన్నాడు.

సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. చలికి.

మెట్ల దగ్గర మావయ్య ఎదురయ్యాడు. "టీ తాగావా అమ్మాయ్?" అన్నాడు. తాగానన్నాను. తాగలేదు.

సాయంత్రం అత్తయ్యకి చుక్కలు వేస్తుంటే, కళ్ళు మూసుకునే అంది, "ఒక మాట చెప్తాను, తిట్టకూడదు."

"ఏమిటి?"

"శుక్రవారం ఫోనులో నువ్వు అంత సేపు చెప్పావా? ఫోను పెట్టెయ్యగానే రెండు సీసాలూ మళ్ళీ కలిసిపోయాయి నాకు. మళ్ళీ చేస్తే విసుక్కుంటావని, వెయ్యడమే మానేశాను. నువ్వొచ్చి అడిగితే వేసుకున్నానని చెప్పాను."

"అదేమిటత్తయ్యా! నేను రాసి కూడా పెట్టాను."

"అందుకే చెప్తున్నా. అబద్ధం ఒకసారి ఆడితే సరేగాని, నువ్వు రాసిపెడుతుంటే అది నిజమై కూర్చుంటోంది. కన్ను నాదే కాబట్టి సరిపోయింది."

దీపం ఆర్పేసి వచ్చి ఇది రాస్తున్నాను. అంతకన్నా రాయడానికేమీ లేదు.

13, గురువారం

ఇది ఉన్నదున్నట్టు రాయాలి.

ఉదయం నా గదిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఎవరైనా పాత చేతితొడుగులు వదిలేశారేమోనని ఆ రాని సొరుగు పట్టి లాగాను. కాలు బల్లకి తన్నిపెట్టి లాగితే ఊడొచ్చింది. లోపల మడతపెట్టిన కాగితం. పైన 8వ తారీఖు, శనివారం అని ఉంది. మావయ్య రాత. పెద్ద పెద్ద అక్షరాలు, ఏ అక్షరానికా అక్షరం విడివిడిగా.

'అమ్మాయ్, కొత్తదాంట్లో చీటీలు రావన్నావు. నీకు ఇబ్బంది అవుతుందని అన్నీ తిరిగి చూసి రాశాను. చేతిలో ఉన్నవి పద్నాలుగు.

ఒకటి. మూడో అంతస్తు సీసాల గది. గాలి తలుపు పావు. సీసాలమ్మ కోసం.

రెండు. రెండో అంతస్తు వరండా ఫ్యాను, సగం. అక్కడ కూర్చునే టైపిస్టు కోసం. కూతకి తలనొప్పి.

మూడు. క్యాంటీను వెనక గది. గాలి నిండా. గిన్నెలు కడిగే ఆవిడ కోసం.'

కూస్తున్న ఫ్యాను. ఉక్కపోస్తున్న గది. కూర్చుని మిగతావి చదివాను. చిట్టచివర్న:

'పద్నాలుగు. మీటింగు హాలు పక్క చిన్న గది. గాలి తలుపు మూసి, వేడి ఇరవై ఏడు. అమ్మాయి కోసం. చలి పడదు.'

అదే సర్దుకుందని రాశాను నేను. ఈ నోటుపుస్తకంలోనే, మొదటి రోజునే. అదేమీ సర్దుకోలేదు. నేను వణుకుతుంటే చూసి, నాకు చెప్పకుండా ఒక మనిషి సర్దాడు. నేను దాన్ని కూడా వదిలేశాను. సోమవారం నుంచి నాకు చలేస్తున్నది అందుకు.

ఏడ్చాను. ఆ గది తలుపుకి లోపలి గడియ లేదు, అయినా ఏడ్చాను.

తర్వాత స్క్రీన్ తీశాను. పద్నాలుగింటిలో పదమూడు ఆటోలో ఉన్నాయి. మిగిలిన ఒక్కటీ, సీసాల గదిది, సోమవారం నేను చేతిలో పెట్టింది. ఏ మనిషీ ఒక్కరోజులో పద్నాలుగూ మరిచిపోయి ఆటోలో పెట్టడు.

లాగ్ చూశాను.

'7, శుక్రవారం. 10:52:14. చేతిలో ఉన్నవి ఉంచాలా: వద్దు.'

ఫోను కూడా చూశాను. అత్తయ్య కాల్ 10:47కి మొదలైంది. 10:58కి అయిపోయింది.

మరి కళ్ళకి కట్టినట్టు కనబడిన ఆ టిక్కు? ఇంటికొచ్చి పేజీలు వెనక్కి తిప్పాను. ఏడో తారీఖున లైసెన్సు గురించి రాశాను, ఫోను గురించి రాశాను, నవ్వొచ్చిందని కూడా రాశాను. గడిలో టిక్కు పెట్టడం కూడా ఉంది. మొదటి పేజీలో, అత్తయ్య చుక్కల పట్టికలో. నాకు గుర్తున్నది ఆ టిక్కే. వెయ్యని చుక్కలకి పెట్టిన టిక్కు.

ఆ సాఫ్ట్‌వేర్ కూడా నాలాగే తన కోసమే రాసుకుంటుంది. కానీ అది ఉన్నది రాసుకుంది.

నాకు భయంగా ఉంది. కొత్త భవనం పోతుంది. ఈ పనే పోవచ్చు. తొమ్మిదేళ్ళు. సీసాలమ్మ మొహం ఎలా చూడాలో తెలియడం లేదు. మావయ్య మొహం అసలే చూడలేను.

రేపు శుక్రవారం. కమిటీ ఎల్లుండి.

14, శుక్రవారం

చెప్పేశాను.

ముందు తర్వాత సారుకి చెప్పాను. లాగ్ చూపించాను. చాలాసేపు చూసి, "దీన్ని తర్వాత చూద్దాం. కమిటీ అయిపోనీ," అన్నాడు. ఆ 'తర్వాత' నేనిప్పటికే ఒకసారి చూడకుండా నొక్కాను సార్, ఇక నొక్కను అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థం చేయించే ఓపిక లేక నేరుగా డైరెక్టరు గదికి వెళ్ళాను. ఆయన సీసాలమ్మనీ మావయ్యనీ పిలిపించారు.

లాగ్, మావయ్య కాగితం, రెండూ బల్ల మీద పెట్టి, "తప్పు నాది. మావయ్య ఏమీ ముట్టుకోలేదు. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను.

సీసాలమ్మ లాగ్ చూడలేదు. మావయ్య కాగితం చదివింది, మొదటి వరసే మళ్ళీ మళ్ళీ. అప్పుడు అంది, "పొరపాటు ఎవరైనా చేస్తారు. నేనూ చేశాను. ఒకసారి వంద సీసాలు నా చేతులతోనే పాడుచేసుకున్నాను. కానీ ఈయన్ని పంపించేస్తున్నారని తెలిసీ ఇన్ని రోజులు ఎలా ఊరుకున్నారు?"

"భయమేసింది మేడం."

ఆవిడ తల ఊపింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు.

నివేదిక చింపేశారు. మావయ్య పాస్‌వర్డు తిరిగి ఇచ్చారు. నేను వారం రోజుల్లో అంతా మళ్ళీ సరిగ్గా ఎక్కించి వెళ్ళిపోవాలి. ఇంకో మాట, సెన్సరు జరపడానికి నిద్రపోతున్న ఆ కాగితం మీద డైరెక్టరు నా ముందే సంతకం పెట్టారు.

బయట వరండాలో మావయ్య వెనకాల వెళ్ళాను.

"మీకు తెలుసా మావయ్యా?"

"సోమవారం పొద్దున్నే చూశా కదా. పద్నాలుగూ ఒక్కసారే ఆటోలోకి పోయాయి. ఒక్కటైతే నేను మరిచిపోయాననుకుందును."

"మరి చెప్పలేదేం? సొరుగులో కాగితం పెట్టానని అన్నా సరిపోయేది."

"నీ చేతిలో పెట్టిన పనమ్మా. నువ్వే చెప్తావని చూశా." తాళాల గుత్తి సర్దుకున్నాడు. "నాలుగు రోజులు చూశా."

"కోపంగా ఉందా?"

"ఎందుకుండదు? ఉంది," అన్నాడు. తాళాలు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

15, శనివారం

అత్తయ్యకి అంతా చెప్పాను. మొదట ఆవిడ అడిగింది, "నా ఫోను వల్లా?" అని.

"కాదత్తయ్యా. నేను చూడకుండా నొక్కడం వల్ల."

తర్వాత, "ఆ శుక్రవారం టిక్కు కొట్టెయ్యవే," అంది. ఇద్దరం కూర్చుని కొట్టేశాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, గీత సరిగ్గా పడిందో లేదో తడిమి చూడటానికి.

17, సోమవారం

సీసాలమ్మ గదికి వెళ్ళాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. కుడి పక్కన ముప్పై ఒక్క సీసాలున్నాయి. అలమర అడుగున, గోడవైపు, ఆ వేడినీళ్ళ పైపు పక్కనున్నవి. సెన్సరుతో అబద్ధం చెప్పించిన పైపే వీటిని కాపాడింది. ఖాళీ సీసాలు కడుగుతోంది. నేనూ కూర్చుని కడిగాను. గంట తర్వాత, "మెడ దగ్గర జెల్లీ ఉండిపోతోంది, బ్రష్ తిప్పండి," అంది. తిప్పాను.

19, బుధవారం

సీసాలు కడిగాను. మావయ్య పని మాటలు తప్ప మాట్లాడటం లేదు.

21, శుక్రవారం

కొత్తగా ఎక్కించడం ఈరోజు అయిపోయింది. మావయ్య కాగితం చూసి పద్నాలుగూ ముందే మళ్ళీ చేతిలో పెట్టాను. ఫోను కాపలా మనిషి దగ్గర పెట్టి వచ్చాను. ప్రతి ప్రశ్ననీ పైకి చదివాను. మావయ్య పక్కన నిలబడి విన్నాడు. చేతిలో ఉన్నవి ఉంచాలా అన్నప్పుడు టిక్ పెట్టి, చేతులు వెనక్కి తీసేసి, "చూడండి మావయ్యా," అన్నాను. వంగి చూశాడు.

'11:20:41. చేతిలో ఉన్నవి ఉంచాలా: అవును. 14.'

చీటీలకి గడి లేదు కదా, ఒక ఉపాయం చేశాను. పేరు రాసే చోటే అన్నీ రాసేశాను. ఇప్పుడు స్క్రీన్ మీద 'మూడో అంతస్తు గాలి తలుపు' అని ఉండదు. 'మూడో అంతస్తు గాలి తలుపు, సీసాలమ్మ కోసం' అని ఉంటుంది. ఎవరు వచ్చి ఎన్ని సాఫ్ట్‌వేర్లు మార్చినా పేరు మాత్రం పోదు. మావయ్య పద్నాలుగూ చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ. మొహంలో కొంచెం వెలుగు వచ్చింది. నాకు అది చాలు.

సామాను సర్దుకున్నాను. నా పని సంగతి ఏమిటని సారుని అడిగితే, తర్వాత చూద్దామన్నాడు. ఈసారి ఆ మాట విని ప్రాణం లేచొచ్చింది. పొమ్మనలేదు కదా.

వెళ్ళేముందు ఒకటి గుర్తొచ్చి మళ్ళీ లాప్‌టాప్ తెరిచాను. పద్నాలుగోది. రేపటి నుంచి ఆ గదిలో ఎవరూ కూర్చోరు, ఊరికే వేడి ఎందుకని ఆటోలో పెట్టబోయాను. వెనక నుంచి తాళాల చప్పుడు.

"ఏం చేస్తున్నావ్?"

"నేను వెళ్ళిపోతున్నాను కదా మావయ్యా. ఇది వదిలేద్దామని."

"అలా వదిలేస్తారా?" అన్నాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. వారం రోజుల్లో ఆయన నా ఎదురుగా కూర్చోవడం అదే మొదలు. "ఎవరి కోసం పెట్టామో వాళ్ళని అడగాలని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"అడుగుతున్నా మరి. వదిలెయ్యమంటావా?"

వద్దు మావయ్యా అన్నాను.